నర్సాపురం లేసు – ఒక మామ్మగారి జ్ఞాపకాలు

పశ్చిమ గోదావరి జిల్లాలో రైలు మార్గం నర్సాపురంతో ఆగిపోతుంది. అక్కడినుండి తూర్పుకు పోవాలంటే వసిష్ఠ గోదావరిని దాటాలి. అవతలి ఒడ్డు సఖినేటిపల్లి, దిగువకు పోతే అంతర్వేది, ఆ పైన సముద్రం. గడచిన క్రిస్మస్ సెలవుల్లో మేము పిల్లలతో కలిసి ఈ ప్రాంతానికి వెళ్లి మూడు దినాలు గడిపాము. చూడదగిన స్థలాలు చాలానే ఉన్నాయి. అయితే మా మనస్సులో నిలిచిపోయినవి నర్సాపురానికి దగ్గరలోని ఒక పల్లెలో, మాకు వరుసకు మామ్మ అయ్యే పెద్దావిడ చెప్పిన మాటలే.

మామ్మగారికి ఎనభై రెండేళ్లు. తెల్లవారుజామున నాలుగింటికే లేస్తారు. ప్రార్థన చేసుకుని, పెద్ద అక్షరాల బైబిలులో ఒక అధ్యాయం చదువుకుని, వాకిలి ఊడ్చి, కాఫీ పెట్టుకుంటారు. వెలుగు బాగా వచ్చేసరికి అరుగు మీద కూర్చుని కొక్కెం ఉన్న లేసు సూది, దారం చేతికి తీసుకుంటారు. ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. కళ్లు సహకరించినంతసేపే అల్లుతారు. అయినా మాతో మాట్లాడుతున్నంతసేపూ ఆ వేళ్లు ఆగలేదు. చూడకుండానే ఒక పువ్వు పూర్తిచేసి మా అమ్మాయి చేతిలో పెట్టారు.

ఈ పని ఇక్కడికి వచ్చిన విధం మన సంఘ చరిత్రతో ముడిపడి ఉంది. 1830వ దశకంలోనే నర్సాపురానికి ఇంగ్లండు నుండి మిషనరీలు వచ్చారు. ఆ శతాబ్దంలోనే మిషనరీ కుటుంబాల స్త్రీలు ఇక్కడి బీద స్త్రీలకు లేసు అల్లడం నేర్పారు. తరువాత వ్యాపారులు వచ్చారు. ఇక్కడ అల్లిన బల్లగుడ్డలు, పక్కగుడ్డలు ఐరోపాకు, అమెరికాకు, ఆస్ట్రేలియాకు ఓడలెక్కాయి. సంఘంలో మొదలైన పని అన్ని కులాల, మతాల ఇళ్లలోకీ ప్రాకింది.

"నాకు ఎనిమిదో ఏట మా అమ్మ సూది ఇచ్చింది. అప్పుడు కరెంటు లేదు. పొలం నుంచి వచ్చి, వంట చేసి, అందరికీ పెట్టాక బుడ్డిదీపం చుట్టూ నలుగురైదుగురం చేరేవాళ్లం. ఒకరు పాట ఎత్తుకుంటే మిగతావాళ్లం అందుకునేవాళ్లం. ఆదివారం మాత్రం సూది ముట్టేవాళ్లం కాదు" అన్నారు మామ్మగారు.

ఒక్కరే మొత్తం గుడ్డ అల్లడం తక్కువ. పువ్వులు అల్లేది చేతిపని, వాటిని ఒకదానికొకటి కలిపేది అతుకుపని. ఏజెంటు దారం తెచ్చి ఇచ్చి, అల్లినది తీసుకుపోతాడు. ఇచ్చిన దారాన్ని బట్టి కూలి. తన పువ్వు ఏ దేశంలో ఎవరి బల్ల మీద పరిచారో అల్లిన మనిషికి తెలియదు. ఎంతకు అమ్మారో అసలే తెలియదు.

1986 ఆగస్టులో గోదావరికి పెద్ద వరద వచ్చినప్పుడు మామ్మగారు ముందుగా అటక ఎక్కించినది బియ్యం కాదట, ఏజెంటు దారం, సగం అల్లిన లేసు. "తడిస్తే ఆ డబ్బు మేమే కట్టాలి నాయనా. బియ్యం ఎవరైనా అప్పిస్తారు" అన్నారు. ఆ మాట విన్నాక మాలో ఎవరికీ కొంతసేపు నోట మాట రాలేదు.

కాలం ఎంత మారిందని అడిగాము. మామ్మగారు పాతవన్నీ మంచివని అనలేదు. కాటన్ దొరగారి ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక త్రవ్విన కాలువలే ఒకప్పుడు వారికి రోడ్లు. తన పెళ్లివారు నిడదవోలు కాలువలో పడవ మీద వచ్చారట. పురిటి నొప్పుల మనిషిని రాత్రివేళ పడవలో పట్నానికి చేర్చలేక పోగొట్టుకున్న ఇళ్లు ఆమెకు గుర్తున్నాయి. ఇప్పుడు చించినాడ దగ్గర వంతెన ఉంది, ఫోను చేస్తే అంబులెన్సు వస్తుంది. వరిచేలు చాలావరకు చేపల చెరువులయ్యాయి. కోడలు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి పంపిన డబ్బుతో పెంకుటిల్లు పోయి డాబా వచ్చింది. ఒకప్పుడు గల్ఫు నుండి క్యాసెట్టులో మాట నింపి పంపేవారు. ఇప్పుడు ప్రతి సాయంత్రం కోడలి ముఖమే ఫోనులో కనబడుతుంది. "ఇవన్నీ దేవుడిచ్చిన మేళ్లే" అంటారు ఆమె.

మరి ఆమె బాధ ఏమిటి? "మా ఆయన బ్రతికినన్నాళ్లూ దీన్ని ఖాళీ వేళ పని అనేవారమ్మా. ఖాళీ ఎప్పుడుంది? ఇద్దరు పిల్లల ఫీజులు ఈ సూదే కట్టింది. జనాభా లెక్కలకు వచ్చినాయన ఏం పని చేస్తావని నన్ను అడగనే లేదు, ఇంట్లోనే ఉంటుందని వ్రాసుకుపోయాడు."

మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ ప్రాంతపు లేసు స్త్రీల గురించి 1982లో ప్రచురించిన పుస్తకంలో ఇదే చెప్పారు. పగలూ రాత్రీ అల్లే స్త్రీలను గృహిణులుగానే లెక్కవేసినందువల్ల వారి కూలి తక్కువగా ఉండిపోయిందని వివరించారు. తరువాత చైనా యంత్రపు లేసు పోటీకి వచ్చింది. 2020లో కరోనాతో విదేశీ గిరాకీ పడిపోయింది. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు లభించింది. సంతోషమే. అయితే ఆ పేరుతో పాటు సరియైన కూలి కూడా అల్లే చేతికి చేరినప్పుడే ఆ సంతోషం పూర్తవుతుంది. ప్రస్తుతం మామ్మగారి మనుమరాళ్లలో ఎవరూ సూది పట్టలేదు. వారిని తప్పుపట్టలేము. ఒకామె నర్సు, ఒకామె డిగ్రీ చదువుతున్నది. ఆ చదువులకు పునాది వేసినది ఈ సూదియే.

సామెతల గ్రంథము ముప్పది యొకటవ అధ్యాయంలోని గుణవతి కూడా తన చేతులతో పనిచేసిన స్త్రీయే. మన ఇళ్లలో అటువంటివారు ఉన్నారు. చాపలు అల్లినవారు, నాట్లు వేసినవారు, పాలు అమ్మి పిల్లలను చదివించినవారు. "మా అమ్మ ఏ పనీ చేయలేదు, ఇంట్లోనే ఉండేది" అని మనం సులభంగా అనేస్తాము.

ప్రియ పాఠకులారా, కుటుంబ బైబిలు మొదటి పుటలో పుట్టినరోజులు, పెండ్లిండ్లు వ్రాసుకునే అలవాటు మనలో చాలా మందికి ఉంది. ఈ ఆదివారం ఆరాధన తరువాత మీ ఇంటి పెద్దవారి ప్రక్కన కాసేపు కూర్చోండి. వారు ఏ పని చేసి మిమ్మల్ని ఇంతవారిని చేశారో అడిగి, వారి పేరు ప్రక్కన ఆ పని కూడా వ్రాసి ఉంచండి. పిల్లలచేతనే వ్రాయిస్తే మరీ మంచిది.