పిడి సంగతి

క్రికెట్టు బ్యాటు గురించి ఎవర్ని కదిలించినా పలక గురించే చెబుతారు. ఏ విల్లో, ఎన్ని గీతలు, ఎంత బరువు అంటారే గాని, చేతిలో ఉండే పిడి ఊసెత్తరు. సైన్సు చదువుతున్న రైతుబిడ్డగా ఆ పిడి తరఫున నాలుగు మాటలు రాయాలనిపించింది.

పొలం పని చేసినవాళ్లకి తెలుసు. ఇనప గునపం రాయికి తగిలితే మోచేతిదాకా జివ్వున లాగుతుంది. కర్ర కామ వేసిన గొడ్డలితో అంత లాగదు. అదురులో కొంత కర్రే మింగేస్తుంది. పిడికి కావలసింది గట్టితనం ఒక్కటే కాదన్నమాట.

పూర్వం బ్యాటుని ఒకే చెక్కలో తొలిచేవారు. బంతి తగిలిన అదురు తిన్నగా చేతుల్లోకి వచ్చేది. పలకలో కిందికి సన్నబడే గాడి కోసి, అందులోకి పేము పిడి దిగేసి అతికించే ఇప్పటి పద్ధతి 1880ల నాటిది. ఆ ఘనత చార్లెస్ రిచర్డ్‌సన్ అనే ఇంగ్లీషు ఇంజనీరుదంటారు. సెవర్న్ నది కింద రైలు సొరంగం తవ్వించిన ఇంజనీరు ఆయనే!

పేము వెదురులా బోలుగా ఉండదు. వంగుతుంది, మళ్లీ నిలబడుతుంది. అయితే వంగి లేచేది ఏదైనా కాసేపు ఊగుతూనే ఉంటుంది కదా. అందుకే పేము బద్దల మధ్య రబ్బరు పొరలు పెట్టి అతికిస్తారు. రబ్బరు ఆ ఊపులోని శక్తిని కొంత వేడిగా మార్చి అణిచేస్తుంది. మన ఫిజిక్సు పుస్తకంలో అవరుద్ధ డోలనాలంటే ఇవే. పైన పురిదారం బిగించి చుడతారు, దానిమీద రబ్బరు తొడుగు. అడవిలో పెరిగిన పేము, ఫ్యాక్టరీలో తయారైన రబ్బరు, ఒకటి లేకపోతే రెండోదానికి పని జరగదు.

మరి కొత్త పదార్థాలు ఎంతవరకు? 1979లో పెర్త్ టెస్టులో డెన్నిస్ లిల్లీ అల్యూమినియం బ్యాటుతో దిగి గొడవ చేశాక, పలక చెక్కదే కావాలని నియమం రాసుకున్నారు. తర్వాత కార్బన్ పీచు పిడిలోకి వచ్చింది. 2008లో ఎం.సి.సి. దానికీ గిరి గీసింది. పై తరగతి బ్యాట్ల పిడిలో పేము, కర్ర, దారం కానివి పదోవంతు మించరాదు. నాకిది న్యాయంగానే తోస్తుంది. కొత్తది రావాలి గాని, పాతదాన్ని ఇంట్లోంచి గెంటెయ్యకూడదు.

నిరుడు మా హాస్టలు బ్యాటు పిడి చిట్లింది. మాకున్న మంచి బ్యాటు అదొక్కటే. కొత్తది కొనాలంటే చందాలు చాలవు. "స్టీలు పైపు దిగేసి వెల్డింగు చేయిద్దాం" అన్నాడో మిత్రుడు, చెక్కకి వెల్డింగేమిటో మరి! నేను పట్నంలో విడిగా పేము పిడి కొని, మా ఊరి వడ్రంగి దగ్గరకి పట్టుకెళ్లాను. పైపు మాట చెబితే ఆయన నవ్వాడు.

"పైపు పెడితే పిడి విరగదురా అబ్బాయ్, నీ మణికట్టు విరుగుద్ది."

పాత పిడి తొలిచి తీసి, కొత్తదాన్ని ఉలితో గాడికి సరిపోయేలా చెక్కి, ఈ కాలపు జిగురుతోనే అతికించి, రెండ్రోజులు బిగించి ఉంచాడు. దారం చుడుతూ అడిగాడు:

"ఇయ్యన్నీ మీ కాలేజీలో చెబుతారా?"

"అదురెలా తగ్గుద్దో లెక్క చెబుతారు బాబాయ్. పిడి వెయ్యడం చెప్పరు" అన్నాను.

"అయితే సెలవులకొచ్చినప్పుడు రా, అది నేను చెబుతా" అన్నాడు.

ఈ వేసవికి వెళ్తున్నాను.