ఓవెన్ అద్దం మీద చెమ్మ

మా ఇంట్లో ఇక వేపుళ్ళు బంద్ అని నేను చెప్పిన రోజు బాగా గుర్తుంది. మా వారి రక్తపరీక్ష కాగితం చేతిలో ఉంది. కొలెస్ట్రాల్ అంకె పక్కన నక్షత్రం గుర్తు పడింది. నాకప్పుడు 32 ఏళ్ళు. ఒకటి అనుకున్నానంటే సాయంత్రానికల్లా ఇల్లంతా మారిపోవాలి, అదీ అప్పటి నా తీరు. నూనె డబ్బా తీసి పై అరలో వెనక్కి నెట్టేశాను. మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి చూశారు గానీ ఏమీ అనలేదు. ఆ వారంలోనే 28 లీటర్ల ఓవెన్ కొన్నాం.

నా ఆలోచన చిన్నదే. చిలగడదుంప, క్యారెట్, బీట్‌రూట్ సన్నగా పుల్లల్లా తరిగి, తీపీ కారం పట్టించి ఓవెన్‌లో కాలిస్తే పిల్లలకి చిరుతిండి అవుతుంది, ఆయనకి నూనె తప్పుతుంది. ఫోనులో బొమ్మలు చూశాను. కమలాపండు రంగులో, అంచులు కరకరలాడుతూ ఉన్నాయి. అవి నారింజ రంగు గుజ్జున్న దుంపలని, మన బండ్ల మీద ఎక్కువగా దొరికేది ఎర్ర తొక్క కింద తెల్లటి గుజ్జున్న రకమని అప్పటికి పట్టించుకోలేదు. నిజానికి కరకరకి మన తెల్లదే మేలు. పిండి ఎక్కువ, నీరు తక్కువ. ఆ సంగతి తెలియక, చేతిలో మంచి సరుకు పెట్టుకుని, రంగు రాలేదని బెంగపడ్డాను.

మొదటిసారి కిలో దుంపలు తరిగాను. ఉప్పు, కారం, బెల్లం పొడి అన్నీ ఒకేసారి కలిపేశాను. నూనె ఒక్క చెంచా. అదీ అయిష్టంగానే. మొత్తం ఒకే ట్రేలో కుప్పగా పోశాను. రెండు వాయిలుగా వేస్తే కరెంటు దండగ కదా! ఆ కరెంటు కోసమే ఓవెన్‌ని ముందు వేడి చెయ్యలేదు. చల్లటి పెట్టెలో ట్రే పెట్టి, మీట 230 డిగ్రీలకి తిప్పి, పిల్లాడి హోంవర్క్ దగ్గర కూర్చున్నాను.

పావుగంటకి ఇంట్లో అందరికీ దగ్గు. కారం మాడిన ఘాటు హాల్లోకొచ్చి, అక్కణ్ణుంచి వరండాలోకి పోయింది. తలుపు తీసి చూస్తే పైవరస పుల్లల మీద బెల్లం నల్లగా పాకం కట్టి, బుడగలు చిట్లి, చేదు వాసన కొడుతోంది. గరిటెతో కదిపితే అడుగున ఉన్నవి ముద్ద. పైన మాడు, కింద ఉడుకు. అదే కంచాల్లో వడ్డించాను. నూనె లేదు, ఒంటికి మంచిది అన్నాను. మా వారు నీళ్ళు తాగి తాగి తిన్నారు. మా అత్తగారికి పళ్ళు అంత గట్టివి కావు. ఆవిడ ఒక్కో పుల్లనీ కొరికి, సాగుతుంటే మెల్లగా తీసి కంచం అంచున పేర్చుకుంటూ వచ్చారు. భోజనం అయ్యేసరికి అక్కడ ఏడెనిమిది పుల్లలు వరసగా ఉన్నాయి. కంచాలు తీసేటప్పుడు చూశాను. చూసి కూడా ‘ఈవిడకి కొత్తవి ఎక్కవులే’ అనుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

రెండోసారి బెల్లం మానేశాను, మాడకుండా ఉంటుందని. కానీ ఉప్పు బాగా పట్టాలని అరగంట ముందే కలిపి ఉంచాను. గిన్నె అడుగున నీళ్ళు ఊరాయి. ఆ నీళ్ళతో సహా ట్రేలో పోశాను. ఈసారి తోలులా వచ్చాయి. మూడోసారి నూనె పూర్తిగా మానేశాను. అవి ఎండిపోయి ముడతలు పడ్డాయి తప్ప కరకరలాడలేదు. మధ్యలో మిగిలిన దుంపలన్నీ ఫ్రిజ్‌లో పెట్టేదాన్ని. వారం తరవాత కాలిస్తే లోపల గట్టిగా, ఎంతసేపు ఉంచినా మెత్తబడని గడ్డలా ఉండేది. చిలగడదుంప వేడిదేశపు పంట. చలి దానికి పడదు. ఫ్రిజ్‌లో నాలుగు రోజులుంటే లోపలి గుజ్జు దెబ్బతిని, ఉడికించినా కాల్చినా నడుమ గట్టిగానే ఉండిపోతుంది. బుట్టలో గాలి తగిలేలా గట్టు కింద పెడితే చాలు. మా అమ్మమ్మ అలాగే మంచం కింద పోసేది.

ఇవేవీ నాకప్పుడు తట్టలేదు. తట్టిందల్లా ఒకటే, సరుకు మంచిది కాదని.

మా వీధిలోకి రోజూ కూరగాయల బండి తోసుకొచ్చే అబ్బాయి ఉండేవాడు. పాతికేళ్ళుంటాయి. మాది తెనాలి వైపు, కాపురం హైదరాబాద్‌లో. వచ్చిన కొత్తల్లో అతను ‘కందగడ్డ తీసుకోండక్కా’ అంటే నేను మా వైపు కంద అనుకుని, నోరు దురద పెడుతుంది వద్దన్నాను. అప్పుడు దుంప విరిచి చూపించాడు. మా చిలగడదుంపే ఇక్కడ కందగడ్డ, మొరంగడ్డ. రాయలసీమ వాళ్ళు గెనుసుగడ్డ అంటారు. ఆ రోజు ఇద్దరం నవ్వుకున్నాం. అలాంటి పిల్లాణ్ణి ఒక ఉదయం నలుగురిలో నిలబెట్టి అడిగాను. ‘నీళ్ళ సరుకు ఇస్తున్నావేంటయ్యా, ఏం చేసినా ముద్దవుతోంది’ అని.

‘గట్లెందుకంటరక్కా, పొద్దుగాల మార్కెట్ల ఏరి తెచ్చిన. గడ్డ మంచిగనే ఉంది’ అన్నాడు.

మంచిగా ఉంటే ఇలా ఎందుకవుతుంది అని విసురుగా అన్నాను. పక్కింటావిడ తన చేతిలోని దుంపలు మళ్ళీ బండి మీద పెట్టేసింది. ఆ రోజు నుంచి నేను పక్క వీధి దుకాణంలో కొనడం మొదలుపెట్టాను. కొత్త దుకాణం దుంపలు కూడా ముద్దే అయ్యాయి. అయినా నా తప్పేమో అన్న ఆలోచన రాలేదు. ఓవెనే చవకరకం అనుకున్నాను. మీరైతే ఇలా చెయ్యరని అనుకోవచ్చు. మనం కష్టపడి చేసింది చెడితే నెపం పెట్టడానికి ఎవరో ఒకరు ఎప్పుడూ దొరుకుతారు. నాకు ఆ అబ్బాయి దొరికాడు.

నాలుగు నెలల తరవాత మా అమ్మ వచ్చింది. మధ్యాహ్నం బెండకాయ వేపుడు చేస్తానంది. వేపుళ్ళు బంద్ అని ఆవిడకి చెప్పే ధైర్యం నాకు లేదు. మేడ మీద నుంచి దింపినట్టు నూనె డబ్బా పై అర నుంచి కిందికి దిగింది. నేను నా పాటికి ఓవెన్‌లో చిలగడదుంపలు పెట్టాను, ఎప్పటిలాగే ట్రే నిండా.

అమ్మ బెండకాయలు పొద్దున్నే కడిగి, పాత నూలు పంచె మీద ఆరబోసింది. మధ్యాహ్నం ఒక్కోటి తీసి, పంచె కొంగుతో తొడిమ దగ్గర నుంచి చివరిదాకా తుడిచింది. కత్తిపీట మీద తరిగి, ముక్కలు మళ్ళీ ఆ పంచె మీదే పరిచి, ఫ్యాన్ కింద అరగంట వదిలేసింది. బాండీ వేడెక్కాక నూనె వేసి, ముక్కలు సగమే వేసింది. మిగతా సగం పక్కన పెట్టింది. మూత పెట్టలేదు. అటూ ఇటూ తిరిగి వచ్చి గరిటెతో ఒకసారి కిందవి పైకి తెచ్చింది. ఉప్పు వెయ్యలేదు. కారం వెయ్యలేదు. నేను ఇరవై ఏళ్ళు చూసినదే ఇదంతా. పెళ్ళయ్యాక నేను కూడా ఇలాగే చేసేదాన్ని, ఓవెన్ వచ్చేదాకా.

అమ్మ నా వైపు తిరిగి ఓవెన్ తలుపు చూసింది. అద్దం తెల్లగా మసకబారింది. లోపలివైపు చెమ్మ చుక్కలుగా కట్టి, ఒకదాంట్లో ఒకటి కలిసి, చారలుగా కిందికి జారుతోంది. దీపం వెలుగుతున్నా ట్రే కనబడటం లేదు.

‘ఏమే, కుడుములు పెట్టావా లోపల?’ అంది.

కాదమ్మా, వేపుడు అనబోయాను. మాట రాలేదు. బాండీ వైపు చూశాను. బెండకాయ ముక్కల మీద నుంచి సన్నగా ఆవిరి లేచి పైకి పోతోంది, మూత లేదు కాబట్టి. ఇటు చూస్తే నేను కిలో దుంప కుప్పపోసి తలుపేసి కూర్చున్నాను. చిలగడదుంపలో ముప్పాతిక వంతు నీరే. అంటే కిలో దుంపతో పాటు ముప్పావు లీటరు నీళ్ళు కూడా ఆ పెట్టెలో పెట్టానన్నమాట. ఆ నీళ్ళు పోనంతవరకూ దుంప పైభాగం 100 డిగ్రీలు దాటదు. రంగు తిరగడం, వేపుడు వాసన రావడం అంతా 140 డిగ్రీల చుట్టుపక్కల మొదలయ్యేది. మీట మీద 230 అని ఉంటే సరిపోదు. ఆవిరిలో కూర్చున్న ముక్కకి ఆ వేడి అందదు. నాలుగు నెలలుగా నేను బెండకాయ మీద మూత పెట్టి, జిగురు వస్తోందని బెండకాయని తిడుతున్నాను.

అక్కడే స్టూలు మీద కూర్చుండిపోయాను. ఆ బండి అబ్బాయి మొహం కళ్ళముందుకొచ్చింది. తరవాత మా అత్తగారి కంచం అంచున పేర్చిన పుల్లలు. ఆవిడా యాభై ఏళ్ళుగా వేపుళ్ళు చేసిన మనిషే. ఒక్కమాట అడిగి ఉంటే చెప్పేవారు. ఓవెన్ గురించి ఆవిడకేం తెలుస్తుందని నేను అడగనే లేదు.

ఆ సాయంత్రం అమ్మ పద్ధతిలోనే చేశాను. పుల్లలు చిటికెన వేలి మందంలో, అన్నీ ఒకే మందంలో తరిగాను. అరగంట నీళ్ళలో వేస్తే పైనున్న పిండి కడిగినట్టు పోయింది. పంచె మీద పరిచి, తుడిచి, ఫ్యాన్ కింద పెట్టాను. ముట్టుకుంటే చేతికి తడి అంటకూడదు. 400 గ్రాములకి రెండు చెంచాల మొక్కజొన్న పిండి, రెండు పెద్ద చెంచాల నూనె. ఆ నూనె తప్పదు. ముక్కకి వేడిని పట్టించేది అదే. నిండా ముంచి వేయించే నూనెతో పోలిస్తే అదెంత! ఓవెన్‌ని 220 డిగ్రీల దగ్గర పావుగంట ముందే వేడి చేశాను. ట్రేలో పుల్లకీ పుల్లకీ మధ్య వేలు పట్టేంత ఖాళీ వదిలాను. పది నిమిషాలకోసారి తలుపు కొద్దిగా తీస్తే ఆవిరి మొహానికి తగిలి బయటికి పోయేది. ఇరవై నిమిషాలకి అద్దం తేటపడింది. లోపల పుల్లల అంచులు బంగారు రంగు తిరగడం కనిపించింది. అప్పుడు తీసి, గిన్నెలో వేసి, ఉప్పు, కారం, వేయించిన జీలకర్ర పొడి చల్లి, చెంచాడు తేనె వేసి ఎగరేశాను. మళ్ళీ రెండే నిమిషాలు లోపల. తీపికి మాడే గుణం ఎక్కువ. చివర వేస్తే పైపైన మెరుస్తుంది, ముందు వేస్తే చేదవుతుంది.

బీట్‌రూట్, క్యారెట్ విడిగా కాల్చాలి. వాటిలో నీరు ఇంకా ఎక్కువ, పిండి తక్కువ. దుంపలా కరకరలాడవు, అంచులు మాత్రం కమ్మగా కాలతాయి. ఇంకో మాట. ఓవెన్‌లో చేసింది కదా అని ముదురు గోధుమరంగు దాకా కాల్చొద్దు. పిండి ఉన్న దుంపల్ని ఎక్కువ వేడిలో బాగా మాడిస్తే ఆక్రిలమైడ్ అనే మంచిది కాని పదార్థం తయారవుతుందని స్వీడన్ వాళ్ళు 2002లో బయటపెట్టారు. నూనె మూకుడైనా ఓవెనైనా దానికి ఒకటే. బంగారు రంగు దగ్గర ఆపేయాలి.

మర్నాడు ఉదయం బండి గంట వినబడగానే కిందికి దిగాను. డబ్బాలో ఆ పుల్లలు పట్టుకెళ్ళాను. ‘నీ గడ్డలది ఏం తప్పు లేదయ్యా, నాకే చెయ్యడం రాలేదు. ఆ రోజు అందరిలో అన్నాను, అందరిలోనే చెబుతున్నా’ అన్నాను. పక్కింటావిడ కూడా ఉంది. అతను మొహమాటంగా నవ్వి, ‘పోనీయక్కా’ అన్నాడు. ఆ నాలుగు నెలల్లో మా మేడలో ఇంకెంతమంది అతని దగ్గర దుంపలు మానేశారో నేను అడగలేదు. అతనూ చెప్పలేదు.

రెండు పుల్లలు తిన్నాడు. ‘మంచిగున్నయి. గని మా ఊళ్ళె శివరాత్రి నాడు గడ్డ గడ్డనే నిప్పులల్ల పెడతరక్కా, తొక్కతోని. తేనె గూడ అక్కర్లే’ అన్నాడు.

ఈసారి విన్నాను. రెండు కిలోలు తీసుకున్నాను. చిలగడదుంప లోపలే పిండిని తీపిగా మార్చే ఎంజైము ఒకటి ఉంది. 60 నుంచి 75 డిగ్రీల మధ్య అది జోరుగా పనిచేస్తుంది. సన్నటి పుల్ల ఆ వేడిని చిటికెలో దాటేస్తుంది. తొక్కతో ఉన్న దుంప మాత్రం లోపల మెల్లగా వేడెక్కుతుంది, దానికి తీపెక్కే వ్యవధి దొరుకుతుంది. నాలుగు దుంపలు కడిగి తుడిచి, కొయ్యకుండా 180 డిగ్రీల్లో గంటసేపు ఉంచాను. తొక్క చిట్లిన చోటల్లా పాకం కారి ట్రే మీద జిగటగా గడ్డకట్టింది.

మా అత్తగారిని పిలిచి ముందు ఆవిడకే పెట్టాను. మెత్తటి దుంపని వేళ్ళతో విడదీసుకుని తిన్నారు. తరవాత ట్రే తన వైపు జరుపుకుని, అంటుకున్న పాకాన్ని గోటితో తీసి నాలుక మీద పెట్టుకున్నారు. కంచం అంచున ఏమీ మిగల్లేదు.