తెలుగు మానక్కర్లేదు

"ఇంట్లో తెలుగు మానేసి ఇంగ్లీషే మాట్లాడండి." మాటలు ఆలస్యమైన పిల్లలున్న మనవాళ్ళల్లో చాలామంది విన్న సలహా ఇది. మా రెండోవాడికి ఆటిజం అని తేలాక మాకూ ఇచ్చారు. మా అత్తగారికి ఇంగ్లీషు రాదు. బడినుంచి వచ్చాక వాడి దగ్గర వుండేది ఆవిడే. ఈ సలహా పాటిస్తే ఆవిడ మనవడి ఎదుట నోరు మూసుకుని కూర్చోవాలి. రెండు భాషలు వినడంవల్ల ఇలాంటి పిల్లలకు మాట మరింత వెనకబడుతుందని పరిశోధనల్లో తేలలేదు. ఆ సంగతి తెలుసుకుని మేము తెలుగు మానలేదు.

బడిలో చిక్కు వచ్చిన మాట నిజమే. మావాడికి దాహమైతే "నీళ్ళు తాగుతావా?" అంటాడు. మనం వాణ్ణి అడిగిన ప్రశ్ననే తన కోరికగా తిరిగి అంటాడు. ఆటిజం వున్న పిల్లల్లో చాలామంది ఇలా విన్న వాక్యాన్ని విన్నట్టే చెబుతారు. పైకి చిలకపలుకులా వున్నా దానికి తరచు ఒక అర్థం వుంటుంది. టీచరుగారికి అది తెలియక "కారణం లేకుండా ఏడుస్తున్నాడు" అని చీటీ పంపేవారు. వాడు తరచుగా అనే పన్నెండు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాసి, ఎదురుగా అర్థం రాసి ఇచ్చాం. ఆవిడ ఆ కాగితాన్ని తన బల్లకు అతికించుకున్నారు. ఏడుపులు చాలావరకు తగ్గాయి.

ఫైర్ డ్రిల్ గంట మోగితే బల్లకింద దూరేవాడు. అల్లరి కాదది, ఆ చప్పుడు వాడు భరించలేడు. ఇప్పుడు ముందే చెప్పి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి బయటికి తీసుకువెళుతున్నారు. ఏ పని తరవాత ఏ పనో బొమ్మలతో గోడమీద పెట్టారు. ఇవన్నీ వాడి ఐ.ఇ.పి.లో, అంటే వాడికోసం బడి రాసే ప్రణాళికలో చేర్పించాం.

ఇది ఎవరి దయాధర్మమూ కాదు. 1975లో ఈ దేశంలో వికలాంగ బాలలందరికీ ప్రభుత్వ బడుల్లో ఉచితంగా తగిన చదువు చెప్పాలని చట్టం వచ్చింది. 1990లో దానికి ఐ.డి.ఇ.ఏ. అని పేరు మార్చి, ఆటిజాన్ని విడిగా పేర్కొన్నారు. ఐ.ఇ.పి.ని ఏడాదికి ఒక్కసారైనా తిరగచూడాలి. అది తయారుచేసేవారిలో తల్లిదండ్రులూ సభ్యులే. ఇంగ్లీషు ఇబ్బందైతే దుబాసీని ఏర్పాటు చెయ్యడం బడి బాధ్యత. హెచ్-1 మీద వచ్చినవారి పిల్లలకూ, గ్రీన్‌కార్డు వున్నవారి పిల్లలకూ ఇందులో తేడా లేదు.

అనుమానం వుంటే పరీక్ష చెయ్యమని బడికి ఉత్తరం రాయండి. నోటిమాటతో సరిపెట్టక, తారీఖు వేసి, నకలు దగ్గర పెట్టుకోండి. మీటింగుకు వీలైతే ఇద్దరూ వెళ్ళండి. పెద్ద చదువులు చదివినవాళ్ళం కూడా అక్కడ "ఎస్, థాంక్యూ" అని సంతకం పెట్టి వచ్చేస్తాం. నచ్చనిది ఆ రోజే సంతకం పెట్టనక్కర్లేదు. ఇంటికి తెచ్చుకుని చదువుకోవచ్చు.

నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని ఆగవద్దు. మొదటి ఉత్తరం ఎలా రాయాలో తోచనివారు మమ్మల్ని అడగండి. మేము రాసినది చూపిస్తాం.