ఓడలోనూ అమ్మమ్మకే డ్యూటీ!

సింగపూర్‌లోని మెరీనా బే క్రూజ్ సెంటర్. స్కానింగ్ మెషీన్ దగ్గర మా అమ్మ సూట్‌కేస్‌ని పక్కకు లాగేశారు. తెరిపించారు. నాలుగు చీరల మధ్య, టవల్లో చుట్టిన చిన్న ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్!

'ఇది లోపలికి రాదండీ' అని ఇంగ్లిష్‌లో నవ్వుతూనే చెప్పాడు అక్కడి అబ్బాయి. కుక్కర్, కెటిల్, ఇస్త్రీపెట్టె లాంటి వేడెక్కే వస్తువులేవీ ఓడ గదుల్లోకి రానివ్వరు. నడిసముద్రంలో నిప్పంటుకుంటే ఫైరింజన్ రాదు కదా. కుక్కర్‌కి ఓ ట్యాగ్ కట్టి, రసీదు ఇచ్చి, దిగేటప్పుడు తీసుకోమన్నాడు.

అమ్మ రసీదు వంక చూడలేదు, నా వంక చూసింది. 'మరి పిల్లకి అన్నం?'

పిల్లంటే మా పాప. 20 నెలలు. నా 26 వారాల మెటర్నిటీ లీవు అయిపోయి ఆఫీసు మొదలైన రోజు నుంచి, అంటే 14 నెలలుగా, అమ్మ హైదరాబాద్‌లో మాతోనే ఉంటోంది. నాన్న తెనాలిలో ఒక్కడే. పొద్దున హోటల్ ఇడ్లీ, మధ్యాహ్నం కర్రీ పాయింట్ కూర. నెలకోసారి రైలెక్కి వచ్చి మనవరాలిని చూసుకుని వెళ్తాడు.

'అమ్మకి నాలుగు రోజులు రెస్ట్ ఇద్దాం' అని ఈ ట్రిప్ ప్లాన్ చేసింది నేనే. రోజుకో హోటల్ మారక్కర్లేదు, వంట లేదు, గిన్నెలు లేవు. సింగపూర్‌లో ఎక్కితే పెనాంగ్, ఫుకెట్ చూపించి మళ్లీ సింగపూర్‌లోనే దింపుతారు. మొత్తం 4 రాత్రులు. చంటిపిల్లతో ఇంతకన్నా తేలికైన టూర్ ఉండదనుకున్నాను. నేననుకున్నది సగమే నిజమైంది.

చంటిపిల్లయినా ఓ సీటు

విమానంలో రెండేళ్ల లోపు పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంటే సరిపోతుంది. ఓడలో అలా కుదరదు. పాలు తాగే పిల్లలైనా లైఫ్‌బోట్‌లో వాళ్లకో చోటు ఉండాల్సిందే, కాబట్టి వాళ్లనీ పూర్తి ప్యాసింజర్‌గానే లెక్కేస్తారు. అందుకే బుక్ చేసేటప్పుడే పాప పేరు ఇవ్వాలి. పెద్ద ఓడలు చాలావరకు 6 నెలలు నిండని పిల్లల్ని ఎక్కించుకోవు. వరసగా ఎక్కువ రోజులు సముద్రంలోనే ఉండే ప్రయాణాలకైతే ఏడాది నిండాలంటాయి. తిరిగొచ్చేది మళ్లీ సింగపూర్‌కే కాబట్టి, ఆ వీసా మల్టిపుల్ ఎంట్రీదో కాదో ముందే చూసుకోవాలి.

ఎక్కగానే సేఫ్టీ డ్రిల్. ప్రమాదం జరిగితే ఎక్కడికి రావాలో, లైఫ్ జాకెట్ ఎలా వేసుకోవాలో చూపిస్తారు. పిల్లల సైజు జాకెట్ ఉందో లేదో అక్కడే అడగండి. మాకు గదికి తెచ్చిచ్చారు. దాన్ని వేయగానే మా పాప గుమ్మడికాయలా తయారై, తీస్తానంటే ఒప్పుకోలేదు.

అమ్మ అన్నం బెంగ బఫే దగ్గరికి వెళ్లగానే సగం తీరిపోయింది. తెల్లన్నం, పప్పు, పెరుగు అన్నీ ఉన్నాయి. కాకపోతే అన్నం పలుకుపలుకుగా ఉంది. అమ్మ సైగలతోనే చెబితే, అక్కడ వడ్డిస్తున్న కుర్రాడు లోపలికి వెళ్లి మెత్తగా చితక్కొట్టిన పప్పన్నం గిన్నెలో పెట్టి తెచ్చాడు. ఉప్పూ కారం లేకుండా! రెండో పూట నుంచి మేం అడక్కుండానే వచ్చేది. ఓడలో పిల్లల తిండికి మొహమాటపడకూడదని అప్పుడు తెలిసింది.

బకెట్ లేదు, ఈత లేదు

మాకు అసలు ఇబ్బంది బాత్రూమ్‌తో వచ్చింది. గాజు తలుపుల మధ్య ఓ మనిషి నిలబడేంత చోటు, నెత్తిమీద షవర్. బకెట్ లేదు, చెంబు లేదు. షవర్ నీళ్లు మొహమ్మీద పడగానే పాప పెట్టిన కేకలకి పక్క గదివాళ్లు తలుపు తీసి చూశారు. చివరికి అమ్మ కాళ్లు చాపుకుని కింద కూర్చుని, పాపని కాళ్లమీద పడుకోబెట్టుకుని, పాలసీసాతో నీళ్లు పోసింది. మీరు వెళ్తే మడతపెట్టే చిన్న బకెట్ ఒకటి సూట్‌కేస్‌లో పడేసుకోండి.

స్విమ్మింగ్ పూల్ చూసి పాప ఎగిరి గంతేసింది. కానీ డైపర్ వేసుకునే పిల్లల్ని పెద్ద ఓడల పూల్స్‌లోకి దిగనివ్వరు. స్విమ్ డైపర్ అయినా సరే. కొన్ని ఓడల్లో బుజ్జాయిల కోసం నీళ్లు చిమ్మే చోటు విడిగా ఉంటుంది. మా ఓడలో పిల్లల క్లబ్ కూడా మూడేళ్లు నిండినవాళ్లకే. పెద్ద పెద్ద బొమ్మలున్న ఆ బ్రోచర్‌లో మా పాపకి దక్కినవి రెండే: లిఫ్టు బటన్లు, కారిడార్ కార్పెట్.

ఇంకొకటి, టైమ్. సింగపూర్ మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. ఇంట్లో రాత్రి తొమ్మిదికి పడుకునే పిల్ల ఓడ గడియారం ప్రకారం పదకొండున్నరకి గానీ పడుకోదు. మధ్యాహ్నం కునుకు నాలుగింటికి. అంటే సరిగ్గా అందరూ ఒడ్డున తిరిగే వేళకి!

ఓడ ఊగితే వాంతులవుతాయేమోనని సిరప్‌లు మూట కట్టాను. రెండేళ్ల లోపు పిల్లలకి ఆ బాధ చాలా తక్కువట. పైగా మేం వెళ్లింది మలక్కా జలసంధి మీదుగా. అటు మలేసియా, ఇటు సుమత్రా అడ్డుండటంతో నీళ్లు చెరువులా ఉన్నాయి. ఓడ అంతలా కదలడం లేదని పాపే అటూ ఇటూ ఊగుతూ నడిచింది.

'లిఫ్ట్ చూశాగా'

మొదటి రాత్రి థియేటర్‌లో షో. 'దాన్ని తీసుకెళ్తే చూడనివ్వదు. మీరు వెళ్లండి, నేనుంటాలే' అంది అమ్మ. వెళ్లాం. షో బాగుంది. మధ్యలో చలేసి స్వెటర్ కోసం గదికొచ్చాను.

మేం తీసుకున్నవి కిటికీ లేని లోపలి గదులు. రేటు తక్కువ, పైగా చీకటి కాబట్టి పిల్ల బాగా పడుకుంటుందని నా లెక్క. తలుపు తీసేసరికి ఆ చీకట్లో అమ్మ మంచం చివర కూర్చుని ఉంది. పాప అప్పుడే పడుకున్నట్టుంది. లైటు వేస్తే లేస్తుందని, ఫోన్ చూద్దామంటే సిగ్నల్ లేదని, ఊరికే కూర్చుంది. కారిడార్‌లో నాన్న చేతులు వెనక్కి కట్టుకుని, గది నంబర్లు చదువుకుంటూ ఆ చివరి నుంచి ఈ చివరికి నడుస్తున్నాడు.

'ఓడ ఎలా ఉందమ్మా?' గొంతు తగ్గించి అడిగాను.

'బాగుంది తల్లీ. లిఫ్ట్ చూశాగా, గాజుది.'

స్వెటర్ వేసుకుని వెళ్లిపోయాను. చెప్పుకోవడానికి సిగ్గేసినా, మిగతా షో కూడా చూశాను.

మల్లెపూలు

మర్నాడు మధ్యాహ్నం పెనాంగ్. ఇక్కడ సుఖమేంటంటే, ఓడ ఆగే స్వెట్టెన్‌హామ్ పియర్ జార్జ్‌టౌన్ ఊళ్లోనే ఉంది. దిగి నడుచుకుంటూ వెళ్లిపోవచ్చు. పక్కనే కార్న్‌వాలిస్ కోట. 1786లో ఈస్టిండియా కంపెనీ తరఫున ఫ్రాన్సిస్ లైట్ దిగింది ఇక్కడే. 2008లో యునెస్కో ఈ పాత ఊరిని, మలక్కాతో కలిపి, ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

పాప కునుకు వేళయింది. 'నేనుంటాలే' అంది అమ్మ మళ్లీ. నాన్న మాతో వచ్చాడు.

చ్యూ జెట్టీ చూశాం. సముద్రంలో కర్రలు పాతి వాటిమీద కట్టుకున్న చైనీయుల ఇళ్లు. చెక్క వంతెన మీద నడుస్తుంటే పలకల సందుల్లోంచి కింద నీళ్లు కనిపిస్తాయి. అక్కడి నుంచి లిటిల్ ఇండియా. ఇడ్లీ, దోసెలు, ఇత్తడి సామాను, స్పీకర్లలో తమిళ పాటలు. క్వీన్ స్ట్రీట్‌లో 1833 నాటి మహామారియమ్మన్ గుడి. గోపురం నిండా రంగురంగుల బొమ్మలు.

మేం ఫొటోలు తీసుకుని చూసేసరికి నాన్న లేడు. నాలుగడుగుల అవతల పూల కొట్టు దగ్గర మూర మల్లెపూలు కొంటున్నాడు. పూలు ఆకులో కట్టించుకుని నా దగ్గరికొచ్చి, 'మీ అమ్మా నేనూ కలిసి గుడికెళ్లి 14 నెలలైందే' అన్నాడు. కోపంగా కాదు. టైమెంతైందో చెప్పినట్టు చెప్పాడు.

తిరిగి ఓడ దాకా నేనేమీ మాట్లాడలేదు. మా ఇంటి డ్యూటీ చార్టునే ఉన్నదున్నట్టు ఓడెక్కించి, దానికి రెస్ట్ అని పేరు పెట్టానని అర్థమైంది. మా ఆఫీసులో సర్వర్ పడిపోతే చూసుకోవడానికి ఆన్‌కాల్ రోటా ఉంటుంది. వారానికొకరు మారతారు. రెండు వారాలు వరసగా వేస్తే గోల చేస్తాం. మా అమ్మ 14 నెలలుగా ఆన్‌కాల్‌లో ఉంది.

ఫుకెట్ నేను చూడలేదు

మూడో రోజు ఫుకెట్. ఓడ పటాంగ్ బీచ్‌కి దూరంగా లంగరేసింది. అక్కడి నుంచి చిన్న బోట్లలో ఒడ్డుకి చేర్చారు. స్ట్రోలర్ మడవాలి, పిల్లని ఎత్తుకోవాలి, ఊగే బోటులోకి దిగాలి. చంటిపిల్లలతో ఇలాంటి చోట దిగకపోయినా నష్టం లేదు. ఓడ ఖాళీ అయిపోతుంది, లిఫ్టులన్నీ మీవే.

'ఇవాళ నువ్వూ నాన్నా వెళ్లండి' అన్నాను.

అమ్మ వంద అడ్డంకులు చెప్పింది. నాకు భాష రాదు, అది ఏడుస్తుంది, నీకు చేతకాదు. చివరిదే అసలు మాట. 'అత్తయ్యా, బోటు వెళ్లిపోతుంది' అంటూ మా ఆయన చేతి సంచీ పట్టుకుని ముందు నడిచాడు. ఒడ్డుకెళ్లాక దారి తప్పకుండా, తిరిగి బోటెక్కాల్సిన చోటూ సమయమూ కాగితం మీద రాసి నాన్న జేబులో పెట్టాడు.

వాళ్లు వెళ్లిన పావుగంటకి పాపకి అనుమానమొచ్చింది. 'మమ్మ' అంది. అమ్మమ్మకి అది పెట్టుకున్న పేరు. రెండు గదులూ వెతికింది, బాత్రూమ్ చూసింది, మంచం కింద చూసింది. ఆ తర్వాత నలభై నిమిషాలు ఏడుపు. పాలు వద్దు, బిస్కెట్ వద్దు, నేనూ వద్దు.

పగటిపూట నా కూతుర్ని ఎలా పడుకోబెట్టాలో నాకు తెలియదు. శని, ఆదివారాల్లో కూడా ఆ పని అమ్మే చేస్తుంది కాబట్టి, నాకెప్పుడూ ఆ అవసరం రాలేదు. ఫోన్ చేసి అడుగుదామంటే నడిసముద్రంలో ఓడ సిగ్నల్‌కి కనెక్ట్ అయితే బిల్లు వాచిపోతుందని అందరి ఫోన్లూ ఎక్కేటప్పుడే ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టించింది నేనే.

మా ఆయన భుజానేసుకుని కారిడార్‌లో నడవడం మొదలుపెట్టాడు. నాన్న నడిచిన కారిడారే. గది నంబర్లు పైకి చదువుతూ ఓసారి అటు, ఓసారి ఇటు. నేను వెనక నడుస్తూ పాప చెవి తమ్మె మెల్లగా నిమిరాను. అమ్మ అలా చేయడం ఎప్పుడో చూసిన గుర్తు. మూడో రౌండ్‌లో మెడ వాల్చేసింది. ఇద్దరం ఎంత భయపడ్డామంటే, మంచమ్మీద దింపే ధైర్యం లేక గంటసేపు అలాగే భుజాన మార్చుకుంటూ తిరిగాం.

సాయంత్రం వాళ్లు తిరిగొచ్చారు. అమ్మ చీర కుచ్చిళ్లు మోకాళ్ల దాకా తడిసి, ఇసుక పట్టి ఉన్నాయి. నాన్న ముక్కు ఎర్రగా కందిపోయింది. చేతిలో సగం తాగిన కొబ్బరిబోండం.

'ఏడ్చిందా?' అదే మొదటి ప్రశ్న.

'చాలా ఏడ్చిందమ్మా. తర్వాత పడుకుంది.'

అమ్మ ఓ నిమిషం ఏమీ అనలేదు. పాప మాత్రం 'మమ్మ!' అని పరిగెత్తి తడి చీరని చుట్టేసుకుంది. అమ్మ దాన్ని ఎత్తుకుంటూ నాన్నతో అంది: 'ఏవండీ, ఆ గవ్వలు ఇవ్వండి దీనికి.'

నాలుగో రోజు మొత్తం సముద్రమే. ఓ పేపర్ నాప్కిన్ మీద నేను రోటా రాశాను. పొద్దున మా ఆయన, మధ్యాహ్నం నేను, సాయంత్రం అందరూ. ఆ రాత్రి షోకి అమ్మా నాన్నా వెళ్లారు. సగంలో నిద్రొచ్చేసిందట అమ్మకి. అయినా చివరిదాకా కూర్చుందట.

ఓడలో పుట్టిన ఆ రోటా ఇంటికొచ్చాక నాలుగు వారాలు నిలబడింది, రెండు వారాలు కూలిపోయింది. ఇప్పుడు పాపని రోజూ మూడు గంటలు డేకేర్‌లో వదులుతున్నాం. నెలకి పది రోజులు అమ్మ తెనాలిలో ఉంటుంది. ఆ పది రోజులూ నేనూ మా ఆయనా మీటింగులు పంచుకుంటాం, ఒక్కోరోజు పోట్లాడుకుంటాం.

చంటిపిల్లతో క్రూజ్‌కి వెళ్లొచ్చా అని ఫ్రెండ్స్ అడుగుతుంటారు. హాయిగా వెళ్లండి. డైపర్లు ఇంటి నుంచే తీసుకెళ్లండి, మడత బకెట్ మర్చిపోకండి. అమ్మానాన్నల్ని తీసుకెళ్తుంటే మాత్రం, 'నేనుంటాలే' అన్న మాటకి మీరేం జవాబు చెబుతారో ఇక్కడే అనుకుని బయల్దేరండి.

కుక్కర్ దిగేటప్పుడు తిరిగిచ్చారు. ఇప్పుడది మా వంటగట్టు మీదే ఉంది. నిన్న తెనాలి నుంచి ఫోన్ చేసి అమ్మ అడిగింది, 'ఏం పెట్టావే పిల్లకి?' అని. పప్పన్నం అన్నాను. 'మెత్తగా వండావా?' అంది. కొంచెం పలుకుగానే వచ్చిందని చెప్పాను. తినేసిందని కూడా చెప్పాను.