మన ఖిల్లా ముచ్చట ఎవరు చెప్తరు?

పొద్దున అక్క కొడుకు ఆగ్రా నుంచి వీడియో కాల్ చేసిండు.
ఢిల్లీ నుంచి ఏసీ కారు, వెంట గైడ్, పెద్ద హోటల్ల భోజనం, రాత్రికి మళ్లీ ఢిల్లీ.

"మామా, ఇటు చూడు" అని ఫోన్ తిప్పిండు. ఆగ్రా కోట. చెక్కిన పాలరాతి స్తంభాల నడుమ యమున, దూరంగా పొగమంచుల తాజ్‌మహల్.
పక్కన గైడ్ హిందీల చెప్తున్నడు. 1658ల ఔరంగజేబు కన్నతండ్రి షాజహాన్‌ను ఈ కోటలనే బంధించిండట. 1666ల చనిపోయేదాకా ఆ ముసలాయన ఇక్కడి నుంచే భార్య సమాధి చూసుకుంట బతికిండట.

సారంగాపూర్‌ల మా ఇంటి అరుగు మీద కూసున్న నాకు గొంతు పట్టేసింది.

అదే ఔరంగజేబు 1687ల గోల్కొండను గెలిచిండు. మొఘల్ సుబేదారుగా దక్కన్‌కు వచ్చిన నిజామే తర్వాత ఇక్కడ పాలకుడైండు. ఆ నిజాం కాలంలనే, 1747ల, మన జగిత్యాల ఖిల్లా లేచింది. నక్షత్రం ఆకారం, చుట్టూ కందకం, బురుజుల మీద ఫిరంగులు.

అంటే ఆగ్రా కథల ఒక కొస మన దగ్గర కూడా ఉన్నది.
కానీ ఇక్కడ ఆ కథ చెప్పేటోళ్లు కావాలె. చెప్పే మనిషి ఉంటేనే రాయి మాట్లాడుతది.

సార్లూ, మేడమ్‌లూ, ఒక్కపూట పిల్లల్ని ఖిల్లాకు తోల్కపోండి.
మీ తాతలు, అవ్వలు చెప్పిన ఖిల్లా ముచ్చట్లు ఉంటే కింద రాయండి. అందరం చదువుకుందాం.