ఏ వేళకు పరుగెత్తాలి?



తాడేపల్లిగూడెంలో రెండవ ప్రపంచయుద్ధ కాలంలో విమానాలు దిగడానికి వేసిన పొడుగాటి బాట ఒకటి వున్నది. ఆ వైపు పొద్దున్నే నడిచే పెద్దవాళ్ళూ, పరుగులు తీసే కుర్రవాళ్ళూ కనిపిస్తూ వుంటారు. నేనూ నడుస్తూ వుంటాను. ఒకనాడు ఎనిమిదో తరగతి చదివే పిల్ల ఒకతె రొప్పుతూ వచ్చి నా పక్కన ఆగి, "తాతగారండీ, చాలాదూరం పరుగెత్తాలంటే పొద్దున్న మంచిదాండీ, సాయంత్రం మంచిదాండీ?" అని అడిగింది.

చిన్న ప్రశ్నే. కాని పాతికేళ్ళ కిందట ఈ ప్రశ్న నాకు నేను వేసుకుని వుంటే, ఒక కుర్రవాడికి అన్యాయం చేసి వుండేవాణ్ణి కాదు. ముందు ఆ కథ చెబుతాను. జవాబు తరువాత చెబుతాను.

అప్పట్లో నేను ఏలూరు దగ్గర ఒక పాఠశాలలో పనిచేసేవాణ్ణి. కొల్లేటి అంచున వున్న వూళ్ళ నుంచి కూడా మా బడికి పిల్లలు వచ్చేవాళ్ళు. వారిలో ఒక కుర్రవాడు సాయంత్రం ఆటల వేళ ఎంతదూరం పరుగెత్తినా అలిసేవాడు కాదు. ఆ యేడు పోటీలకు మూడువేల మీటర్ల పరుగులో ఇద్దరిని పంపాలి. "తెల్లవారుజామున లేచేవాడే మొనగాడు" అని నా నమ్మకం. అందుచేత పొద్దున్న అయిదున్నరకే అందరినీ రమ్మని, పరుగు పెట్టించాను. మంచు కురుస్తున్నది. ఆ కుర్రవాడు నాలుగోవాడుగా వచ్చాడు.

"ఏమోయ్, సాయంత్రం వుండే హుషారు పొద్దున్న ఏమయింది? బద్ధకమా?" అన్నాను నలుగురి ముందూ. వాడు తల వంచుకున్నాడు కాని బదులు చెప్పలేదు. నేను ఇద్దరి పేర్లు రాసి పంపేశాను.

కొన్నాళ్ళకు ఒక పని మీద వాళ్ళ వూరు వెళ్ళి, రాత్రి అక్కడే వుండవలసి వచ్చింది. తెల్లవారుజామున మెలకువ వచ్చి చేపల చెరువు గట్టు మీదికి వెళ్ళాను. లాంతరు పట్టుకుని ఆ కుర్రవాడూ, వాళ్ళ నాన్నా అక్కడే వున్నారు. చెరువులో చేపలు నోళ్ళు పైకెత్తి నీటి మీద తేలుతున్నాయి.

"అయ్యో, చేపలకు జబ్బు చేసిందా?" అన్నాను.

"లేదండి మాస్టారూ," అన్నాడు ఆ తండ్రి. "ఈ వేళకు నీళ్ళలో గాలి తగ్గిపోద్దండి. ఇంజను వేసి నీళ్ళు చిమ్మాలి. ఇప్పుడు చూసి చేప పాడైందనుకోకూడదండి. పొద్దెక్కాక ఎలా ఈదుతాయో చూద్దురుగాని."

ఆయన చెప్పినది నిజం. పగలు ఎండ వున్నంతసేపు నీటిలోని నాచు ప్రాణవాయువును విడుస్తుంది. రాత్రి ఆ పని ఆగిపోతుంది. నాచూ, చేపలూ అన్నీ కలిసి వున్న ప్రాణవాయువును వాడుకుంటాయి. అందుచేత తెల్లవారబోయే ముందు అది మరీ తగ్గిపోతుంది.

పక్కనే వున్న కుర్రవాణ్ణి, "నువ్వు రోజూ ఈ వేళకు లేస్తావా?" అని అడిగాను. వాడు నసుగుతూ చెప్పాడు: పరుగు పందెం నాటి ముందు రాత్రి వాళ్ళ నాన్నకు జ్వరం. చెరువు కాపలా తనే కాశాడు. రాత్రి కునుకు లేదు. అట్నుంచి అటే బడికి వచ్చి పరుగెత్తాడు.

చూశారా! ఆ తండ్రికి చెరువు వేళ తెలుసు. చదువుకున్న నాకు పిల్లవాడి వేళ తెలియలేదు. చేప సంగతి వేరు, మనిషి సంగతి వేరు. కాని వేళ తెలుసుకోకుండా తీర్పు చెప్పకూడదన్న మాట రెంటికీ ఒకటే.

తిరిగి వచ్చాక ఒక చల్లని సాయంత్రం మళ్ళీ పరుగు పెట్టించాను. ఎంపికైన ఇద్దరికంటె వాడే ముందు వచ్చాడు. ఏం లాభం? పేర్లు మార్చే గడువు దాటిపోయింది. మరునాడు ప్రార్థనవేళ అందరి ముందూ, "తప్పు నాది" అని వాడితో చెప్పాను. నలుగురి ముందూ అన్న మాటను నలుగురి ముందే వెనక్కు తీసుకోవాలి కదా!

ఇక శాస్త్రం ఏమంటుందో చూద్దాం.

మీ వూళ్ళో నిద్రగన్నేరు చెట్టు వుంటే చూడండి. పొద్దు గూకే వేళకు ఆకులు ముడుచుకుంటుంది. మన శరీరంలో కూడా అటువంటి గడియారం ఒకటి వున్నది. మెదడులో, రెండు కంటి నరాలు కలుసుకునే చోటికి కాస్త పైన, దాని స్థానం. పొద్దుటి వెలుతురు చూసి అది రోజూ తన వేళను సరిచేసుకుంటుంది. పండ్ల మీద ముసిరే చిన్న ఈగలలో ఈ గడియారం ఎలా నడుస్తుందో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి వచ్చింది.

ఈ గడియారాన్ని బట్టే మన ఒంటి వేడి మారుతుంది. తెల్లవారుజామున అన్నిటికంటె తక్కువ. సాయంత్రానికి అన్నిటికంటె ఎక్కువ. తేడా సుమారు అర డిగ్రీ నుంచి ఒక డిగ్రీ సెల్సియస్. ఇంతేనా అనుకోకండి. కండరాలు వెచ్చబడితే చురుకుగా కదులుతాయి. అందుకే దూకడం, వంద మీటర్ల పరుగు వంటివి చాలామందికి సాయంత్రం బాగా వస్తాయి. దూరపు పరుగులో ఈ తేడా తక్కువ, మనిషిని బట్టి మారుతుంది కూడా. పదమూడు పద్నాలుగేళ్ళు వచ్చేసరికి పిల్లల గడియారం కాస్త ఆలస్యంగా నడుస్తుంది. రాత్రి త్వరగా నిద్ర రాదు, పొద్దున్న త్వరగా మెలకువ రాదు. తల్లిదండ్రులారా! దీన్ని వెంటనే బద్ధకమని అనకండి. ఆ వయసు పిల్లలకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి.

అయితే సాయంత్రమే మంచిదా? తొందరపడకండి. లోపలి గడియారం ఒకటే కాదు, పైన సూర్యుడూ వున్నాడు. పరుగెత్తేవాడి ఒంట్లో వేడి పుడుతుంది. చెమట ఆరితేనే ఆ వేడి పోతుంది. మన కొల్లేటి సీమలో గాలి నిండా తేమే కాబట్టి చెమట త్వరగా ఆరదు. పైగా పిల్లలకు పెద్దలంత చెమట పట్టదు. 2019లో దోహాలో ప్రపంచ పోటీలు జరిగినప్పుడు ఎండకు భయపడి ఆడవారి మారథాన్ పరుగును సెప్టెంబరు 27 అర్ధరాత్రి పెట్టారు. అప్పుడు కూడా ఉక్క తగ్గలేదు. 68 మంది బయలుదేరితే 28 మంది మధ్యలోనే ఆగిపోయారు. వాళ్ళంతా ఆరితేరిన వాళ్ళు! 2021లో టోక్యో ఒలింపిక్సు జరిగినప్పుడు ఇదే పరుగును చల్లగా వుంటుందని సప్పోరో నగరానికి మార్చారు. అక్కడా వేడి ఎక్కువ కావడంతో ఏడు గంటల పరుగును ఆరు గంటలకే మొదలుపెట్టారు.

కాబట్టి ఆ పిల్లకు నేను చెప్పిన జవాబు ఇది. ఎండాకాలంలో దూరపు పరుగుకు పొద్దున్నే మేలు. చల్లని ఒంటితో, చల్లని గాలిలో మొదలుపెడతాం. కాని లేచీ లేవగానే పరుగు లంకించుకోకూడదు. ముందు నడిచి, మెల్లగా పరుగెత్తి, కాళ్ళూ చేతులూ సాగదీసి ఒళ్ళు వెచ్చచేసుకోవాలి. మార్గశిర, పుష్య మాసాలలో సాయంత్రం హాయిగా పరుగెత్తవచ్చు. మండుటెండలో ఎవరు రమ్మన్నా వెళ్ళవద్దు. పోటీ ఏ వేళకో తెలిస్తే, కొన్ని వారాల ముందు నుంచి ఆ వేళకే సాధన చెయ్యండి. శరీరం ఆ వేళకు కొంత అలవాటు పడుతుంది. నిద్రను మాత్రం అమ్ముకోకండి.

మీరూ ఒక పరీక్ష చేసి చూడండి. చలికాలంలో ఒకే దూరాన్ని ఒక వారం పొద్దున్న, ఒక వారం సాయంత్రం పరుగెత్తండి. పట్టిన కాలమూ, రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారో, ఎండా మబ్బూ ఎలా వున్నాయో నోటుబుక్కులో రాయండి. మీ వేళ మీకే తెలుస్తుంది.

ఆ తరువాత నేను పనిచేసిన కాలమంతా ఒక్క పరుగుతో ఎవరినీ ఎంపిక చెయ్యలేదు. ఒక పొద్దున్న, రెండు సాయంత్రాలు చూసేవాణ్ణి. పరుగుకు ముందు ప్రతి పిల్లవాణ్ణీ, "రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగేవాణ్ణి. ఆ ప్రశ్న నాకు కొల్లేటి గట్టు మీద నేర్పినవాడు పోటీకి వెళ్ళలేకపోయాడు. వాడి తరువాతి పిల్లలు ఎంతోమంది వెళ్ళారు.