బెట్టలో ఉన్న తోట

 

ఈ పేజీలో మామూలుగా నారు, మందు, ధర, కరెంటు గోల తప్ప వేరే రాయను. ఇవాళ్టిది పంట గురించి కాదు. అంటే పంటతోనే మొదలవుద్ది గానీ విషయం వేరు. క్రైస్తవులు కానివాళ్ళు కూడా చదవండి, ఎవర్నీ మతంలోకి లాగే రాత కాదిది. నష్టం వచ్చిన యేడు మనిషి లోపల జరిగేది అందరికీ ఒకటే.

పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, చెప్పులేసుకుంటా ఉంటే మా ఊరి కుర్రాడొకడు నన్ను ఆపాడు. కౌలుకి రెండెకరాలు చేస్తన్నాడు, వరసగా రెండో యేడు దెబ్బ తిన్నాడు. "అన్నా, కష్టమొస్తే విశ్వాసం పెరుగుద్దంటారు గదా. నాకు పెరగటం లేదు, తగ్గుతంది. నాలోనే ఏదన్నా తేడా ఉందా?" అన్నాడు. వాకిట్లో నిలబడి చెప్పే జవాబు కాదది. వాడి లాంటోళ్ళు చాలామంది ఉన్నారని తెలుసు కాబట్టి ఇక్కడ రాస్తన్నా.

ముందు ఒక మాట తేల్చుకుందాం. కష్టం దానంతటది ఎవర్నీ పెంచదు. కష్టంలో చేదెక్కిపోయినవాళ్ళని మీరూ చూశారు, నేనూ చూశా. పలకరిస్తే పలకరు, పక్కోడి చేను బాగుంటే ఓర్వలేరు. వాళ్ళు చెడ్డోళ్ళని కాదు. ఆ రోజుల్లో వాళ్ళ గడప తొక్కినోళ్ళు లేరు. ఈ గడప తొక్కటం అనే సంగతి దగ్గరికి మళ్ళీ వస్తా.

2021 మిర్చి మీకు గుర్తు చేయాల్సిన పని లేదు. నాది సొంతం ఎకరం, కౌలు రెండు, మొత్తం మూడెకరాలు వేశా. నవంబరు దాకా చేను చూస్తే కడుపు నిండేది. పూత మీదకొచ్చాక నల్ల తామర పురుగు దిగింది. పువ్వు దులిపితే అరచేతిలో నువ్వుగింజ కన్నా సన్నగా, నల్లగా పాకేవి. పూత రాలటం, ఆకు ముడుచుకుపోవటం, నిలిచిన కాయ వంకర తిరగటం. మూడు రోజులకో మందు కొట్టాం. నీలం జిగురు అట్టలు కట్టాం. వేపనూనె కొట్టాం. ఎవరేం చెప్తే అది చేశాం. ఎకరానికి లక్షన్నర పైన పెట్టి, సంక్రాంతి వెళ్ళాక ట్రాక్టరు పెట్టి దున్నించేశా. రోటవేటరు తిరుగుతుంటే పచ్చి మిరప ఘాటు ముక్కులోకి కొట్టింది. మా ఆవిడ గట్టు మీద నిలబడి చూసింది, ఏడవలేదు. ఏడ్చుంటే నాకు అంత భయమేసేది కాదు.

ఆ నెలల్లో నా ప్రార్థన ఎట్టా ఉండేదో ఉన్నదున్నట్టు చెప్తా. మోకాళ్ళేస్తే మాట వచ్చేది కాదు. "ప్రభువా" అనేవాణ్ణి, ఆగిపోయేవాణ్ణి. ఆ తర్వాత నోట్లోకి వడ్డీ లెక్క వచ్చేది. పాట పాడుతుంటే పెదాలు కదిలేవి గానీ లోపల ఎవరూ పాడేవాళ్ళు కాదు.

అప్పుడే పక్కూరి కూటాల్లో ఒక ప్రసంగీకుడు మైకు పట్టుకుని, దశమభాగం ఎగ్గొట్టినోళ్ళ చేలల్లోనే పురుగు పడిందని చెప్పాడు. మలాకీ గ్రంథం తీసి మరీ చెప్పాడు. నాకు ఒళ్ళు మండింది. మా ఊళ్ళో పైసాతో సహా లెక్కగట్టి ఇచ్చే పెద్దాయన చేనూ పోయింది. గుడి మొహం, చర్చి మొహం చూడనోడి చేనూ పోయింది. మా సాయిబు కౌలు చేనూ పోయింది. తామర పురుగు రసీదు పుస్తకం చూసి వాలదు. యోహాను సువార్త 9వ అధ్యాయంలో పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగిందీ ఇదే, పాపం వీడిదా, వీణ్ణి కన్నవాళ్ళదా అని. యేసు రెండూ కాదన్నాడు. ఆ అధ్యాయం చదువుకుని వచ్చుంటే ఆయన ఆ మాట అనగలిగేవాడు కాదు.

నన్ను ఆ రోజుల్లో పట్టుకున్నది రూతు గ్రంథం. నాలుగే అధ్యాయాలు, మొత్తం పొలం పనే. కరువుకి బేత్లెహేము వదిలి మోయాబుకి వలసపోయిన కుటుంబం కథ. వలస సంగతి మనకి చెప్పాలా! అక్కడ నయోమికి భర్త పోయాడు, ఇద్దరు కొడుకులూ పోయారు. తిరిగి ఊరికొస్తే ఆడవాళ్ళు పేరుపెట్టి పలకరించారు. ఆ పేరుతో పిలవొద్దు, చేదు అనే పేరుతో పిలవండి అంది నయోమి. నిండుగా వెళ్ళినదాన్ని వట్టి చేతులతో వచ్చాననీ, నాకిట్టా చేసింది దేవుడేననీ ఊరి మధ్యలో అనేసింది. నేను గమనించిందేందంటే, ఆ మాటకి ఆమెను ఎవరూ గద్దించలేదు. పుస్తకమూ గద్దించదు. వాళ్ళు వచ్చేసరికి యవల కోత మొదలైందని మాత్రం చెప్పి ముందుకు పోతది.

కోడలు రూతు పరిగె ఏరటానికి పోయింది. కోసేవాళ్ళు వదిలిన వెన్నులు పేదోళ్ళవని అక్కడి ధర్మశాస్త్రంలోనే ఉంది, చేను అంచుల దాకా ఊడ్చి కొయ్యకూడదని కూడా. సాయంత్రానికి దులిపితే తూమెడు యవలొచ్చాయి. వాటిని చూశాకే నయోమి నోట దేవుణ్ణి స్తుతించే మాట మళ్ళీ వచ్చింది. ఆమెకు ఎవరూ ప్రసంగం చెయ్యలేదు. తూమెడు గింజలు ఇంటికొచ్చాయి.

కాబట్టి విశ్వాసం తగ్గుతందని భయపడేవాళ్ళకి నేను చెప్పేదిది. అలిగినా ఆయన మీదే అలుగుతున్నావు గదా, వేరే గుమ్మానికి పోయి అలగలేదు గదా. దాన్ని విశ్వాసం కింద రాసుకో. నయోమిది అట్టాంటిదే.

ఇంకో సంగతి. మా మేనమామకి పడమర వైపు బత్తాయి తోట ఉంది. బత్తాయి, నిమ్మ పెట్టినోళ్ళకి బెట్ట సంగతి తెలుసు. పూత కోసం చెట్టుకి కొన్ని వారాలు నీళ్ళు ఆపేస్తారు. ఆకు వాడి వడలుద్ది, కొంత రాలుద్ది. తర్వాత పాదు తవ్వి, ఎరువేసి, ముందు తేలిగ్గా ఒక తడి ఇచ్చి, ఆ తర్వాత నిండుగా ఇస్తారు. అప్పుడు పూత విరగబూస్తది. తేలిక నేలకి తక్కువ రోజులు, నల్లరేగడికి ఎక్కువ రోజులు. లేత చెట్టుకి, తెగులుతో ఉన్న చెట్టుకి బెట్ట పెట్టరు, చచ్చిపోద్ది.

ఇది చెప్పి దేవుడు కూడా మనకి బెట్ట పెడతాడు అని ముగించేస్తే బాగానే ఉంటది వినటానికి. నేను అట్టా అనను. తామర పురుగుని దేవుడే నా చేలోకి తోలాడని చెప్పే ధైర్యం నాకు లేదు. నేను చూసింది వేరే. రోడ్డు మీద పోయేవాడికి బెట్టలో ఉన్న తోటా, వదిలేసిన తోటా ఒకేలా కనపడతాయి. రెంట్లో ఆకు వాడే ఉంటది, రెంట్లో నేల పగిలే ఉంటది. తేడా లోపలికి పోతేనే తెలుస్తది. బెట్ట పెట్టినోడు రోజూ పొద్దున తోటలో తిరుగుతాడు. ఆకు పట్టి చూస్తాడు, మట్టి తవ్వి చూస్తాడు. మా మామ ఆ వారాల్లో చుట్టాల పెళ్ళికి కూడా పోడు. నీళ్ళు పెట్టే రోజుల్లో కన్నా నీళ్ళు ఆపిన రోజుల్లోనే ఆయన తోటలో ఎక్కువుంటాడు.

మరి మా చేను ఎండిన ఆ యేడు మా ఇంట్లో తిరిగినోళ్ళెవరంటే, పక్క చేను పెద్దాయన. రామాలయం ధర్మకర్త ఆయన. దున్నించిన మూడో రోజు పొద్దున్నే ఏడు కేజీల నువ్వు విత్తనం తెచ్చి అరుగు మీద పెట్టి, "చల్లెయ్యి, పదును పోద్ది" అని వెళ్ళిపోయాడు. డబ్బు సంగతి ఇప్పటికీ ఎత్తడు. మా పాస్టరు గారు వచ్చి బైబిలు తెరవకుండా గంటసేపు మంచం మీద కూర్చుని పోయాడు. మా ఆవిడ మిగిలిన మందు డబ్బాలన్నీ నాకు చెప్పకుండా వాళ్ళన్న ఇంటికి చేర్చింది. నెల తర్వాత తెలిసింది నాకు. నేను ఆ ఆలోచనలో ఉన్నానా లేదా అని ఆమె అడగలేదు, నేనూ చెప్పలేదు. డబ్బాలు మాత్రం ఇంట్లో లేవు.

ఇక్కడ ఆగి ఒక మాట. ఆ ఆలోచన వచ్చే అన్నదమ్ములు ఇది చదువుతుంటే, ఇవాళే ఎవరో ఒకరికి చెప్పండి. 14416కి ఫోను చెయ్యండి, టెలీ మానస్ అంటారు, ప్రభుత్వానిది, డబ్బులు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఇంట్లో ఆడవాళ్ళు చదువుతుంటే, మందు డబ్బాలు ఎక్కడున్నాయో చూడండి. ప్రార్థన చేసుకోండి, డబ్బాలు కూడా దూరం పెట్టండి.

ఫిబ్రవరిలో మా సంఘంలో కోతల పండగొచ్చింది. ప్రతి యేడూ బస్తా మిరపకాయలు పట్టుకుపోయేవాళ్ళం. ఆ యేడు మానేద్దామన్నా. మా అమ్మ ఒప్పుకోలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ గుప్పెడు బియ్యం తీసి దేవుడి డబ్బాలో వేస్తది, ఆ డబ్బా ఎత్తుకుంది. మా ఆవిడ పందిరి మీద సొరకాయ కోసింది. అవే పట్టుకుపోయాం. ఆరాధనయ్యాక వేలం. సొరకాయ పాటకొచ్చేసరికి, మా చేలో కాయ కోతకొచ్చే ముఠా మేస్త్రమ్మ లేచింది. మిర్చి పోతే మన పెట్టుబడే కాదు, వాళ్ళ రెండు నెలల కూలీ కూడా పోయింది, అది మనం లెక్కలో రాయం. ఆమె రెండొందలు పాట పెట్టింది. ఆమె పాడాక ఎవరూ పెంచలేదు. పెంచే స్తోమతున్నోళ్ళు కూడా కూర్చునే ఉన్నారు. కాయ చేతికి రాగానే తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, "వండి నాకో గిన్నె పంపు వదినా" అంది. మా ఆవిడ అప్పుడు ఏడ్చింది. ఇంటికి పోయేదాకా ఏడుస్తానే ఉంది. నాకు మాత్రం నెత్తి మీంచి బరువు దింపినట్టయింది.

మా ఒంగోలు ప్రాంతానికి ఇది కొత్త కాదు. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువు, మనవాళ్ళు ధాత కరువంటారే, అప్పుడు ఒంగోలు బాప్టిస్టు మిషనులో జాన్ క్లౌ దొర ఉన్నాడు. బకింగ్‌హాం కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి కూలీ ఇప్పించాడు. మా తాత వాళ్ళ తాత ఆ మట్టి మోశాడని ఇంట్లో చెప్పుకుంటారు. నాకు ఎక్కువ నచ్చేది ఆ తర్వాత సంగతి. ఆ కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం అడుగుతున్నా ఆయన నెలల తరబడి ఎవరికీ ఇవ్వలేదు. కూటికోసం వచ్చినట్టు కాకూడదని. కూలీ, సాయం ఆగిపోయాక కూడా వాళ్ళు వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఎక్కువమంది మాదిగవాడల వాళ్ళు, సెంటు భూమి లేనోళ్ళు. ఆ లెక్క గొప్పగా చెప్పుకుంటాం గానీ, ఆ లెక్క ముందు గడిచిన నెలల్ని ఎవరూ చెప్పరు. కరువు నడుస్తుండగా ఎవరి విశ్వాసం పెరిగింది, ఎవరిది తగ్గింది అని ఆయన కొలవలేదు. మనం కూడా దెబ్బ తిన్న యేడే మనల్ని మనం తూకం వేసుకోనక్కర్లేదు.

నాలో ఏం పెరిగిందని అడిగితే పెద్దగా చూపించేదేం లేదు. ప్రార్థన పొట్టిదైంది. అడిగేవి తగ్గాయి, కూర్చోవటం పెరిగింది. ఎవరి చేను పోయిందన్నా వారం లోపల వాళ్ళింటికి పోతా. వాక్యం చెప్పను, వాళ్ళడిగితే తప్ప. టీ ఇస్తే తాగుతా, పశువుల సంగతి మాట్లాడతా, వీలైతే విత్తనమో, ఒక పూట ట్రాక్టరో. మందు డబ్బాలు ఎక్కడున్నాయో మా ఆవిడ వంటింట్లో ఆడవాళ్ళని అడుగుద్ది.

బాకీ ఇంకా రెండు విడతలుంది. ఈ యేడు మిర్చి ఎకరమే వేశా, మిగతా రెండూ జొన్న. పూత మొదలైంది. పొద్దున్నే పోయి పువ్వు దులిపి చూసుకుంటన్నా. దులిపేటప్పుడు చెయ్యి ఇప్పటికీ కొంచెం వణుకుద్ది.